కొబ్బరినూనె పట్టిన రివాల్వరు

ఈ దసరా ఉదయం బాపట్లలో మా షూటింగ్ రేంజి తలుపులు తెరిచి, ఎయిర్ పిస్టళ్లను బల్ల మీద సర్దుతుంటే వెనకనుంచి కొబ్బరినూనె వాసన వచ్చింది. తిరిగి చూశాను. కొత్తగా చేరిన ఒక అమ్మాయి తల్లి పళ్లెంలో పసుపు, కుంకుమ, చిన్న గిన్నెలో నూనె పట్టుకుని నిలబడి ఉంది. ఆయుధపూజ కదా అని తెచ్చిందట. నేను నోరు తెరిచేలోపే వేళ్లు నూనెలో ముంచి, అన్నిటికంటే ఖరీదుగా కనిపిస్తున్న నా పిస్టల్ వైపు చెయ్యి చాచింది. "ఆగండమ్మా!" అని అరిచాను. పాపం, ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అంత గట్టిగా అరవాల్సిన పని లేదు. కానీ ఇనుము దగ్గర కొబ్బరినూనె వాసన తగిలితే నాకు వెంకట్రామయ్య గారు గుర్తొస్తారు. ఆయన గుర్తొస్తే నా గొంతు దానంతటదే పెరుగుతుంది. ఆయన గొంతూ అంతే, ఫోనులో మాట్లాడితే వీధి చివరికి వినపడేది.

ఆయనది తెనాలిలో రైసుమిల్లు విడిభాగాల షాపు. సొంతూరు అమృతలూరు దగ్గర, తాతల నాటినుంచి పొలాలున్న ఇల్లు. మాది రేపల్లె. నాన్న నిజాంపట్నం రేవులో చేపలు కొని ఊళ్లలో అమ్మేవాడు. బాపట్లలో డిగ్రీ అయ్యాక నేను ఆ షాపులో బిల్లులు రాసే పనికి చేరి, రోజూ రైల్లో వెళ్లొచ్చేదాన్ని. షాపు వెనక గోడౌన్‌లో ఒకవైపు బెల్టులు, బేరింగులు ఉండేవి. రెండోవైపు గోడకు చెక్కపలక, దాని మీద గురి కాగితం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన అక్కడ ఒక పాత ఎయిర్ పిస్టల్‌తో కాల్చుకునేవారు. కాలేజీ ఎన్.సి.సి.లో నేను రైఫిల్ పట్టానని మాటల్లో తెలిసిన రోజున పిస్టల్ నా చేతిలో పెట్టారు. నేను ఉత్సాహం కొద్దీ గబగబా కాల్చేశాను. కాగితానికి ఏమీ కాలేదు, గుండ్లన్నీ చెక్కకు మాత్రం గట్టిగానే తగిలాయి. ఆయన నవ్వలేదు.

"ఎత్తడం వచ్చు, కాల్చడం వచ్చు. దించడం రాదు నీకు అమ్మాయ్," అన్నారు. "చెయ్యి వణుకుతా ఉంటే కాల్చకుండా దించెయ్యాల. కాసేపాగి మళ్లీ ఎత్తు. నిన్నిక్కడ తరిమేవాళ్లెవరున్నారు?" అప్పటినుంచి చాలాకాలం నాచేత ఎత్తించడం, దింపించడమే చేశారు. ఒక్క గుండూ ఇవ్వలేదు. ఇదేం చదువురా దేవుడా అని రైల్లో తిట్టుకుంటూ ఇంటికి వెళ్లేదాన్ని. చివరికి గుండ్లు ఇచ్చిన రోజున మాత్రం కాగితానికే తగిలాయి.

ఆయన ఇంట్లో అసలైన తుపాకులు, లైసెన్సు ఉన్నవి, మూడు ఉన్నాయని తర్వాత తెలిసింది. "ఒకటి నాన్నగారిది. ఒకటి వ్యాపారం బాగా కలిసొచ్చిన ఏడు పొగరుతో కొన్నా. ఇంకోటి మా వియ్యంకుడు కొన్నాడని కొన్నా," అని ఆయనే చెప్పారు. మూడూ చేతితుపాకులే. ఆ మూడూ చేసిన ప్రయాణాలు రెండే. ఎన్నికలొస్తే నిబంధన ప్రకారం పోలీసు స్టేషనులో అప్పగించి, అయ్యాక తెచ్చుకునేవారు. దసరా వస్తే పూజ పీట మీదకు ఎక్కేవి. మిగతా కాలమంతా బీరువాలో పట్టుబట్టల కింద నిద్ర. పూజ మాత్రం ఘనంగా జరిగేది. కొల్లిపరలో ఇచ్చిన ఆయన అక్కయ్య భారతమ్మ గారు ప్రతి దసరాకూ పుట్టింటికి వచ్చి, వాటికి తలంటినంత శ్రద్ధగా కొబ్బరినూనె పట్టించి, పసుపు రాసి, బొట్లు పెట్టేవారు. నాన్నగారి రివాల్వరుకు ఇంకాస్త ఎక్కువ మర్యాద.

వెంకట్రామయ్య గారికి ఒక కోరిక ఉండేది. రాష్ట్ర పోటీల్లో పెద్దవాళ్ల విభాగంలో ఒక్కసారైనా మంచి పిస్టల్‌తో నిలబడాలి. ఆ రకం విదేశీ ఎయిర్ పిస్టల్ కొనాలంటే మోటారు సైకిలంత ఖర్చు. అప్పటికి షాపు అంతంతమాత్రంగా నడుస్తోంది. చేతిలో ఉన్నదంతా భార్య వైద్యానికి పోయింది, ఆవిడా దక్కలేదు. పిల్లల్ని అడగడం ఆయనకు చేతకాదు. ఒకరోజు బిల్లుల మధ్యలో తలెత్తి, "మూడూ అమ్మేసి ఒకటి కొంటానమ్మాయ్," అన్నారు. నాతో అన్నట్టు లేదు, తనకు తాను చెప్పుకున్నట్టుంది.

పోలీసు అనుమతులన్నీ తెచ్చుకుని గుంటూరులో లైసెన్సున్న డీలరు దగ్గరికి వెళ్లాం. కాగితాల సంచీ నా చేతిలో ఉంది. డీలరు మొదటి రెండింటినీ తిప్పి చూసి పక్కన పెట్టాడు. నాన్నగారి రివాల్వరు తీసుకుని గుండ్ల చక్రం తిప్పబోతే అది కదల్లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఇదేంటండీ, కొబ్బరినూనె?"

"మా అక్కయ్య రాసిద్దండి. దసరాకి."

"తుపాకీ నూనె వేరే ఉంటదండి. ఇది లోపలికెళ్లి జిగురై కూర్చుంది." సన్నటి కడ్డీ గొట్టంలో పెట్టి తిప్పితే గట్టిపడిన పసుపు పెళ్లలు పెళ్లలుగా బల్ల మీద రాలింది. "బాగవుద్దిలెండి. కాకపోతే మీరనుకున్న ధర రాదు."

వెంకట్రామయ్య గారు ఆ పసుపు వంక చూసి పకపకా నవ్వారు. తిరిగొచ్చేటప్పుడు కారులో కూడా, "దొంగలొచ్చుంటే ఏం చేసేవాళ్లం అమ్మాయ్? కూర్చోబెట్టి తలంటి పంపేవాళ్లం!" అని నవ్వారు. ఊరు దగ్గరపడేసరికి నవ్వు ఆగిపోయింది. "నాన్నగారు పోయాక దాన్ని ఒక్కసారి కూడా తిప్పి చూడలేదు నేను," అన్నారు.

వచ్చిన డబ్బు ఎలాగో సరిపోయింది. కొత్త పిస్టల్ వచ్చింది. అరచేతికి అతికేలా చెక్కిన చెక్కపిడి, చల్లటి లోహం. ఆయన చిన్నపిల్లాడిలా రోజంతా దాన్ని పెట్టెలో పెట్టడం, తియ్యడం. ఆ వారంలోనే భారతమ్మ గారు షాపు మెట్లెక్కారు.

"ఏంట్రా, నాన్నగారి రివాల్వరు అమ్మేశావంట?"

"అమ్మానక్కయ్యా. అది పని చెయ్యట్లేదు."

"దాన్ని పని చెయ్యమని ఎవరడిగార్రా? ఇంట్లో ఉండమన్నాం, అంతేగా!" ఆవిడ పెట్టెలోకి తొంగిచూశారు. "ఇదేనా? దీనికి లైసెన్సు కూడా అక్కర్లేదంటగా. లైసెన్సు లేనిది కూడా ఒక తుపాకీనా?" ఆ తర్వాత ఆవిడ చూపు నా మీద పడింది. "ఎవరీ పిల్ల?"

"రేపల్లె అమ్మాయి. మన దగ్గర బిల్లులు రాసిద్ది. బాగా కాలుస్తది కూడా."

"చేపలోళ్ల పిల్ల ఆడుకోడానికి నాన్నగారి రివాల్వరు అమ్మావన్నమాట." నాకు మొహం మీద కొట్టినట్టయింది. ఆయన ఏదో అనబోయారు. ఆవిడ ఆయన్ని అననివ్వలేదు. "పెళ్లయి వెళ్లిపోయిందాన్ని, ఆ ఇంట్లో నాదంటూ ఏముందిరా? ఏడాదికోసారి వచ్చి దానికింత బొట్టు పెట్టి, నాన్నని చూసినట్టు చూసుకుని పోయేదాన్ని. ఇంక నన్ను దసరాకి పిలవమాకు." కండువా లాంటి పాత శాలువా భుజం మీదకు లాక్కుని దిగి వెళ్లిపోయారు. అన్న మాటకు ఆవిడ మీద నాకు ఒళ్లు మండింది. అయినా ఆ చివరి మాట విన్నాక కోపం పూర్తిగా నిలబడలేదు.

వెంకట్రామయ్య గారు ఆ రోజు కాల్చలేదు. మర్నాడు పిస్టల్ ఎత్తి దించారు. అలా చాలాసార్లు ఎత్తి దించి, "మా నాన్నని అమ్మేశాననుకోలా నేను. ఇనుమనుకున్నా," అన్నారు. కావాలనుకున్నా ఆ రివాల్వరు తిరిగి రాదు, అప్పటికే ఎవరో కొనేశారు.

దసరాకు ఆవిడ రాలేదు. పదింటిదాకా వాకిట్లో తిరిగి, ఆయన పిస్టల్ పెట్టె కారులో పెట్టి, పూజకని వచ్చిన నన్నూ ఎక్కమన్నారు. నాకు ఇష్టం లేదు. "నువ్వూ దీంతో కాలుస్తావు కదా, రా," అన్నారు. కొల్లిపరలో భారతమ్మ గారు అప్పటికే కత్తిపీటకు, కొడవళ్లకు, మిక్సీకి, వాకిట్లో ట్రాక్టరుకు బొట్లు పెట్టి కూర్చుని ఉన్నారు. తమ్ముణ్ని చూసి లేవలేదు, పొమ్మనలేదు. ఆయన పెట్టె తెరిచి ఆవిడ ముందు పెట్టారు. కాసేపటికి ఆవిడ విసురుగా గిన్నె అందుకుని వేళ్లు నూనెలో ముంచారు.

"దాని మీద వద్దక్కయ్యా, పాడైపోద్ది."

"మరెక్కడ పెట్టను, నా నెత్తి మీదా?"

ఆయన చొక్కా చెయ్యి మడిచి, కుడిచెయ్యి చాచారు. "ఇక్కడ పెట్టు. కాల్చేది ఇదే. నాన్న పట్టుకుని నడిపించింది కూడా దీన్నే."

భారతమ్మ గారు చాలాసేపు ఆ చేతిని చూశారు. తర్వాత మోచేతినుంచి వేళ్లదాకా నూనె రాశారు. మణికట్టుకు పసుపు పూసి బొట్టు పెట్టారు. "ఎట్టా ఎండిపోయిందో చూడు చెయ్యి. మీ ఆవిడ పోయాక పట్టించుకునే దిక్కు లేదు నీకు," అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. నేను గుమ్మం బయటే నిలబడ్డాను. ఆవిడ తలెత్తకుండానే, "ఏమే పిల్లా, నువ్వు కూడా కాలుస్తావంటగా. చెయ్యి ఇటు పెట్టు," అన్నారు. ఆ వేళ్లు నా మణికట్టు మీద గట్టిగా, వెచ్చగా తగిలాయి. ఆవిడ క్షమించమని ఎప్పుడూ అడగలేదు, నేనూ ఎదురుచూడలేదు.

ఆ ఏడు పోటీల్లో ఆయన నిలబడ్డారు. పతకం రాలేదు, మధ్యలో ఎక్కడో ఉన్నారు. "చివర్లో లేనుగా!" అని బస్టాండులో అందరికీ టిఫిన్ పెట్టించారు. చెయ్యి వణకడం ఎక్కువయ్యాక పిస్టల్ నాకు ఇచ్చేశారు. "బీరువాలో పెట్టావో, ఊరుకోను," అన్నారు. ఆయన పోయాక ఆ పిస్టల్‌తోనే బాపట్లలో ఈ రేంజి మొదలుపెట్టాను. పిల్లలందరూ దాన్ని పడతారు. పిడి మీద మెరుగంతా పోయింది. ప్రతి దసరాకూ పొద్దున్నే కొల్లిపర వెళ్లేదాన్ని. భారతమ్మ గారు నా చేతికి నూనె రాసి, పసుపు పూసి, బొట్టు పెట్టాకే రేంజి తెరిచేదాన్ని. మొన్న వేసవిలో ఆవిడ కూడా వెళ్లిపోయారు.

నా అరుపుకు బిత్తరపోయిన ఆ తల్లికి ఇదంతా చెప్పలేదు. "తుపాకీకి వద్దమ్మా, మీ అమ్మాయి చేతికి పెట్టండి. నూనె కూడా రాయండి," అన్నాను. ఆవిడ కూతురి చేతికి పెట్టింది. వరసగా మిగతా పిల్లలందరి చేతులకూ పెట్టింది. పళ్లెం దించబోతూ, "మరి మీకెవరు పెడతారు మేడం?" అంది. పొద్దున లేచినప్పటినుంచీ నన్ను నేను అడుగుతున్నది అదే. చెయ్యి చాచాను. తెలియని మనిషి వేళ్లు నా మణికట్టు మీద నూనె రాస్తుంటే, పిల్లల ముందే ఏడుపొచ్చింది.

ముందుగా నేను కాల్చి రేంజి మొదలుపెట్టాలి. పిస్టల్ ఎత్తాను. చెయ్యి వణికింది. కాల్చకుండా దించేశాను. పిల్లలు కదలకుండా చూస్తున్నారు. కాసేపాగి మళ్లీ ఎత్తాను.