గొట్టం తిప్పిన సాయంత్రం

నా గుండెల మీద ఒక మనిషి చావు ఉంది. ఏళ్ల తరబడి మోస్తున్నాను. భార్యకు చెప్పలేదు. నాయన పోయేముందు నా చేయి పట్టుకుని, ఏమన్నా చెప్పాలా అబ్బీ అన్నట్టు చూసినప్పుడు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు కాబట్టి. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలదు. చదివి మీరు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి. తిట్లు నేను పడగలను. పడలేనిది ఇంకొకటుంది, దాని దగ్గరికి కూడా వస్తాను.

మాది శింగనమల దగ్గర ఒక మెట్ట ఊరు. పేరు రాయను. నేను స్కూల్ ఫైనల్ పాసై, పనీపాటా లేకుండా తిరుగుతున్న రోజుల్లో మా పంచాయతీకి సర్కారు రేడియో వచ్చింది. చెక్కపెట్టెలో సెట్టు, పక్కన బరువైన బ్యాటరీ, మిద్దె మీద గుంజకు కట్టిన మైకు గొట్టం. పంచాయతీ పెద్ద నాకు వరసకు పెదనాయన. పెట్టె తాళంచెవి నా చేతికిచ్చాడు. ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగిన గర్వం ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఊరి పెద్దలు కూడా నా కోసం ఎదురుచూసేవాళ్లు. అంతవరకూ నన్ను ఒక మనిషిగా ఎవరు చూశారు?

రేడియో ఊళ్లో అందరికీ వినపడాలని సర్కారు నిబంధన. దాన్ని పంచాయతీ అరుగు మీద నిలబడి పైకి చదివి వినిపించింది కూడా నేనే. కానీ ఊరి బయట విడిగా ఉన్న పల్లెలోని కూలీలు ఆ అరుగు దాకా వచ్చేవాళ్లు కాదు. రావద్దని ఎవరూ అనలేదు. అనవలసిన అవసరం ఏనాడూ రాలేదు. వాళ్లు పొద్దుగూకాక తమ గుడిసెల ముందు బండల మీద కూర్చుని, గాలిలో వచ్చినంత మాట వినేవాళ్లు. గొట్టం అటు తిరిగి ఉంటే అన్నీ వినపడేవి. ఇటు తిరిగితే ఒట్టి గురగుర. కాబట్టి సర్కారు నిబంధన అమలయ్యేదీ కానిదీ గొట్టం మూతి ఎటుందన్న దాన్నిబట్టే, ఆ గొట్టం కట్టు బిగించేదీ విప్పేదీ నేనే.

ఆ ఏడు వాన మొహం చూడలేదు. వేరుశనగ మొలకల్లోనే మాడిపోయింది. పెదనాయన తన బావిని ఇంకా లోతుకు తవ్విస్తున్నాడు. రాయికి మందు పెట్టి పేల్చడం, పగిలిన రాళ్లు గంపలకెత్తి పైకి లాగడం. బావి గట్లు వదులైపోయాయని దిగేవాళ్లకూ తెలుసు, దింపేవాళ్లకూ తెలుసు. కూలి పిడికెడు జొన్నలు. వేరే పని ఉంటే ఎవరు దిగుతారు అందులోకి?

ఒక సాయంత్రం పెదనాయన తాలూకా కచేరీ నుంచి వచ్చి నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"యేమబ్బీ, ఆ గొట్టం పల్లె తట్టుకు ఉండాదే. మన వీధిలో ఆడోళ్లకు సరిగా ఇనపడ్లేదంటాండారు. ఈ తట్టుకు తిప్పు."

ఆయన కారణం ఇంకేమీ చెప్పలేదు. నేను మిద్దెక్కి తిప్పాను. కట్టు గట్టిగా బిగించాను కూడా. మీకు నిజం చెబుతున్నాను, ఎందుకని నాకప్పుడే అనుమానం వచ్చింది. ఆ సాయంత్రం గ్రామస్థుల కార్యక్రమంలో అనుమానం తీరింది. శింగనమల చెరువులో పూడిక తీసే కరువు పని మొదలవుతోందనీ, వచ్చినవాళ్లందరికీ పని ఇస్తారనీ, కూలి గింజల రూపంలో కొలుస్తారనీ చెప్పారు. మా వీధి వీధంతా విన్నది. ఎవరూ పక్కవాడి మొహం చూడలేదు. ప్రతి ఇంటికీ కూలీలతో అవసరం ఉంది.

మర్నాడు పొద్దున ఓబులమ్మ ఎదురైంది. ఆమె మొగుడు నాగన్న పెదనాయన బావిలో దిగేవాళ్లలో ఒకడు. ఖాళీ కడవ చంకనుంది.

"సామీ, నిన్న రేడియో మాట మా తట్టుకు రాలేదు. కరువు పని యాడన్నా పెడతాండారని యేమన్నా చెప్పినారా?"

"లేదు ఓబులమ్మా. ఏం చెప్పలేదు. పాటలే వేసినారు."

"అట్లనా. సరేలే. నువ్వింటే మేమిన్నట్లే. ఐతే ఈపొద్దు కూడా బాయిలోకే పోతాడులే."

అంతే. అన్నది ఆ రెండు ముక్కలే. పెదనాయన నన్ను అబద్ధం చెప్పమనలేదు. గొట్టం తిప్పమన్నాడు, తిప్పాను. అబద్ధం మాత్రం పూర్తిగా నా సొంతం. ఎందుకు చెప్పాను? భయమా? తాళంచెవి పోతుందనా? ఎన్నిసార్లు తవ్వుకున్నా నాకు దొరికేది ఒకటే. ఆమె అడిగినప్పుడు నిజం చెప్పడం కన్నా లేదనడం తేలికగా అనిపించింది. అంత చిన్న తేలిక కోసం చేశాను.

రెండు రోజులకే గట్టు విరిగి నాగన్న మీద పడింది. పైకి తీసేసరికి ప్రాణం లేదు. నేను ఆడికి పోలేదు. పంచాయతీ గదిలో తలుపేసుకుని రేడియో ముందు కూర్చున్నాను. అప్పుడు అందులో ఏం వస్తోందో కూడా తెలియదు.

ఇంకో నాలుగు నెలలకు పట్నం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. పల్లెటూళ్లలో రేడియో ఎవరు వింటున్నారు, విని ఏం చేస్తున్నారు అని పరిశీలించడం ఆయన పని. నన్నడిగితే, మా ఊళ్లో పల్లెతో సహా అందరికీ వినపడుతుందని చక్కగా, నమ్మేటట్టు చెప్పాను. నా మాటతీరు ఆయనకు తెగ నచ్చింది. ఆయన చలవ వల్లే తర్వాత నాకు అదే శాఖలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు నేను తాడిపత్రి నుంచి లేపాక్షి దాకా ఊళ్లు తిరిగి, మీకు రేడియో వినపడుతోందా అని జనాన్ని అడుగుతాను. నెలనెలా జీతం తీసుకుని అడుగుతాను.

కిందటేడు మా ఊరు కూడా నా వంతుకే వచ్చింది. తప్పించుకోవాలని చూశాను, కుదరలేదు. పల్లెలో ఓబులమ్మ ఉంది. మనిషి వంగిపోయింది. నన్ను గుర్తుపట్టి, కూర్చోమని పీట తెచ్చి వేసింది. నేను నా ప్రశ్న అడిగాను. రేడియోలో చెప్పే మాట మీద నీకు నమ్మకం ఉందా అని. ఆ ప్రశ్న నేను ఎట్లా అడిగానో నాకే తెలియదు.

"ఉండాది సామీ. తప్పు రేడియోది కాదులే. మాయాయన పోయినాక మాయన్న శింగనమల నుంచి వచ్చి చెప్పినాడు, ఆడ చెరువు పని ఉండాదని రేడియోలో చెప్పినారంట. నువ్వు లేదంటివి కదా, ఆ దినం చెప్పి ఉండరు. మర్నాడు చెప్పింటారు. నేను మర్నాడు గూడా వచ్చి నిన్నడిగింటే బతికేటోడు. అడగలేదు. నీళ్లకని పోయి మరిచిపోతి."

ఇదీ నేను పడలేనిది. నన్ను అనుమానించలేదు. ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. నా అబద్ధాన్ని నిజం చేయడానికి తన మొగుడి చావు తన తలమీద వేసుకుంది, ఇన్నేళ్లూ దాంతోనే బతికింది. అప్పుడన్నా చెప్పాలి కదా? ఎదురుగా కూర్చున్నాను కదా? నీ తప్పు లేదమ్మా అన్న మాట కూడా అనలేకపోయాను, అంటే ఎట్లా తెలుసని అడుగుతుందని. తలూపి లేచి వచ్చేశాను.

మొన్న ఆమె పోయిందని కబురొచ్చింది. ఇక చెప్పడానికి ఆ మనిషి లేదు. అందుకే రాస్తున్నాను. ఇది పిరికితనమని నాకు తెలుసు, మీరు అనక్కర్లేదు. క్షమించమని అడగను. క్షమించగలిగిన నోరు మట్టిలో కలిసింది. అయినా ఒక్కసారి, ఎవరో ఒకరి ముందు, ఈ మాట అనాలి. ఓబులమ్మా, నువ్వడిగిన దినమే నిజానికి నీకు జవాబు ఉండింది. ముందురోజు సాయంత్రమే చెప్పారు. నేను విన్నాను.