దూది లేని చాప

మా మామయ్య పరుపులు కుట్టేవాడు. అంత మాత్రం చెప్పి ఊరుకుంటే నాకు అన్నం సహించదు. ఆయన కుట్టిన పరుపు మీద పడుకున్న ఒక పెద్దమనిషి మూడు రోజులు లేవలేదు. ఇంట్లోవాళ్లు కంగారుపడి చుట్టాలకు కబురు పెడితే, వాళ్లంతా దిగాక ఆయన లేచి, ఇంతమందికి వంట ఎవరు చేస్తారని విసుక్కున్నాడు. నేను మొదట చెప్పినప్పుడు అది ఒక్క రోజే. చెప్పగా చెప్పగా మూడైంది.

దుకాణం వెనక గదిలో మామయ్య విల్లు పట్టి పాత దూది ఏకుతుంటే నారి టుంయ్ టుంయ్‌మని మోగేది. గడ్డకట్టిన దూది విడిపోయి గాల్లోకి లేచేది. పై కిటికీలోంచి పడే ఎండలో అది కిందికి దిగడం మరిచిపోయేది. ఆ తెలుపులో నిలబడితే నేల ఎక్కడుందో, కప్పు ఎక్కడుందో తెలిసేది కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కనుబొమ్మలు నెరిసిపోయి, మధ్యలో మామయ్య. వీధంతా ఆయన్ని మబ్బు మామయ్య అనేవారు. ఎనిమిదో తరగతి మధ్యలో బడికి సెలవు పెట్టిన నేను ఆ మబ్బు కిందే పెరిగాను. ఆ సెలవు ఇంకా అయిపోలేదు.

లోకంలో ప్రతి కష్టానికీ మామయ్య దగ్గర ఒకటే మందు. చెవిపోటుకు దూది. తలుపు కిర్రుమంటే సందులో దూది. పక్కింటివాళ్లు పోట్లాడుకుంటే మా చెవుల్లో దూది. ఒకసారి నా సైకిల్ టైరు పంక్చరైతే దూది కూరి పంపించాడు. సైకిల్ ఇంటిదాకా వచ్చింది, దారంతా నేలకు జానెడు పైన.

ఆయన కూతురు, నాకు వదిన, బస్సు కండక్టరు. భర్త లారీ తోలుతూ దూరాలు తిరిగే మనిషి. వాళ్ల పాపకు ఏడాదిన్నర. తాత పెట్టిన ముద్దుపేరు దూదిపింజ. వదిన డ్యూటీకి వెళ్తూ పాపను దుకాణం ముందు గదిలో దింపేది. వెనకనుంచి దూది రాకుండా మధ్యలో మందపాటి తెర ఉండేది. మామయ్య ఒళ్లు దులుపుకుని కుట్టుపని ముందుకు తెచ్చుకుంటే, పాప దారపుండ దొర్లించుకుంటూ ఆయన చుట్టూ తిరిగేది. ఆ వేళ పడిన కుట్లు కాస్త వంకరగా ఉండేవి. గిరాకీలు ఏమీ అనేవారు కాదు.

చలికాలంలో పాపకు జలుబు చేసింది. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోతోంది. మామయ్య ఒక కొత్త బొంత కప్పాడు. దాని మీద ఇంకొకటి కప్పాడు. ఉన్నట్టుండి పాప కళ్లు పైకి తిరిగాయి. ఒళ్లు బిగుసుకుపోయి, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. మామయ్య పాప చేతులు పట్టుకుని గట్టిగా అదిమాడు. నాలుక కరుచుకుంటుందేమోనని, అందిన దూదిని ఉండ చుట్టి పళ్ల మధ్య పెట్టాడు.

నేను బస్టాండుకు పరిగెత్తాను. నా నీడ నన్ను అందుకోలేక దారిలోనే ఉండిపోయింది. వదిన వచ్చేసరికి కొట్టుకోవడం ఆగిపోయింది. పాప వడలిపోయి ఊపిరి తీస్తోంది. నోరంతా తెల్లగా ఉంది. వదిన ఆ దూది బయటికి తీసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ జరిగిందంతా విని, పాపను చూసి నెమ్మదిగా చెప్పింది. "జ్వరం వచ్చినప్పుడు కొందరు చిన్నపిల్లలకు ఇలా ఫిట్స్ వస్తాయమ్మా. చూడ్డానికి భయంగానే ఉంటుంది. చాలావరకు కాసేపట్లో వాటంతటవే ఆగిపోతాయి. ఐదారేళ్లు వచ్చేసరికి రావడం మానేస్తాయి."

"మళ్లీ వస్తాయా?" అంది వదిన.

"రావచ్చు, రాకపోవచ్చు. జ్వరం మందుతో పాపకు కాస్త హాయిగా ఉంటుంది. అంతేగాని ఫిట్స్ రావని నేను మాటివ్వలేను. వస్తే నేల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అదిమి పట్టుకోవద్దు. నోట్లో ఏదీ పెట్టొద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలకీ ఆగకపోతే అంబులెన్సు పిలవండి. ఆగిపోయినా తీసుకొచ్చి చూపించండి."

"కింద మెత్తగా ఏమన్నా వేయొచ్చాండీ?" అన్నాడు మామయ్య.

"చాప చాలండీ. బొంతల వల్ల ఫిట్స్ రాలేదు, కానీ జ్వరంలో అన్నేసి కప్పొద్దు. ఆ దూది మాత్రం ఇంకాస్త లోపలికి పోతే ఊపిరికి అడ్డం పడేది."

ఇంటి గుమ్మంలో వదిన ఆగింది. "నాన్నా, ఇక పాపను నీ దగ్గర ఉంచను."

"సరేనమ్మా," అన్నాడు మామయ్య.

వదిన సెలవు పెట్టింది. విల్లు మూగబోయింది. మామయ్య ముందు గదిలోని పరుపులు, దిండ్లు అన్నీ వెనక్కి మోశాడు. ఊడ్చి, తుడిచి, ఒక ఉత్త చాప పరిచాడు. ఎదురుగోడకు గడియారం తగిలించాడు. వెనకనుంచి ఒక చిన్న దిండు తెచ్చి చాప మీద పక్కకు తిప్పి పెట్టి, చేతులు తీసేసి కూర్చునేవాడు. కాసేపటికి చేతులు వాటంతటవే దిండు మీదికి పోయేవి. విసుక్కుని మళ్లీ మొదలుపెట్టేవాడు.

"దిండుకు ఫిట్సేంటి మామయ్యా?"

"వాగకుండా నువ్వు గడియారం చూడరా."

"ఏకిన దూదిని అదిమితే చచ్చిపోతుందని నాకు చెప్పింది నువ్వేగా."

"దూది సంగతి చేతులకు తెలుసు," అన్నాడు మామయ్య. "పాప సంగతే తెలీలేదు."

సెలవు అయిపోయిన రోజు వదిన పాపను చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది. బోసి గదిని, గడియారాన్ని, చాప మీది దిండును చూసింది.

"దానికేమైంది?"

"బాగానే ఉందమ్మా. ఆగిపోయింది."

వదిన నవ్వు బిగబట్టుకుంది. "ఈ ఒక్కరోజే," అని పాపను దింపింది. ఆ ఒక్కరోజు నేను చెప్పే కథల్లాగే పెరుగుతూ పోయింది, ఎండలు వచ్చేదాకా.

అప్పుడు ఫిట్స్ మళ్లీ వచ్చాయి. జ్వరం ఉందని మేమింకా గమనించనే లేదు. దారపుండ వెంట వెళ్తున్న పాప ఒరిగిపోయింది. మామయ్య పాపను చాప మీద పక్కకు తిప్పాడు. సూదీ, కత్తెరా దూరంగా నెట్టి, మెడ దగ్గర గుండీ విప్పాడు. తర్వాత రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు తెరిచి, అలాగే ఉండిపోయాడు. తెర సందులోంచి ఒక దూదిపోగు ఎండలోకి తేలివచ్చింది. ఒట్టేసి చెబుతున్నాను, అది గాల్లో ఆగిపోయింది. వీధిలో చప్పుడు ఆగిపోయింది. గడియారం ముల్లు ఒక్కటే కదులుతోంది, నీళ్లలో నడుస్తున్నట్టు. ఆ ముల్లును చూస్తూ నేను ముసలివాణ్ణయి, మళ్లీ మామూలుగా అయ్యాను.

పాప ఒళ్లు సడలింది. పొడుగ్గా ఒక ఊపిరి తీసింది. దూదిపోగు కిందికి దిగింది.

వదినకు ఫోన్ చేశాను. "ఎంతసేపు?" అంది.

"రెండు నిమిషాలు, వదినా."

"ఒరేయ్, నిజం చెప్పు."

"ఇంకా కొంచెం తక్కువే."

జీవితంలో నేను తగ్గించి చెప్పిన లెక్క అదొక్కటే. అందుకే నమ్మినట్టుంది.

వదిన వచ్చేసరికి పాప మగతగా కళ్లు తెరుస్తోంది. వదిన పక్కన కూర్చుని పాప నోట్లోకి చూసింది. ఏమీ లేదు.

"నువ్వేం చేశావు నాన్నా?"

"ఏమీ చేయలేదమ్మా," అన్నాడు మామయ్య. అరచేతులు ఇంకా తెరిచే ఉన్నాయి.

వదిన ఆ చేతుల వంక చాలాసేపు చూసింది. ఆస్పత్రికి బయల్దేరుతూ పాపను ఆయన భుజం మీద వేసింది, తను చెప్పులు వేసుకోవాలి గనక. వేసుకున్నాక మళ్లీ అడిగి తీసుకోలేదు.

"పాపకు జ్వరం తగ్గాక నేను పొద్దున డ్యూటీకి వెళ్లాలి నాన్నా," అంది దారిలో. "దుకాణం త్వరగా తెరువు."