అరచెయ్యి పట్టేంత సందు

ఆ బస్సులో హారన్ రెండు రకాలుగా మోగేది. డ్రైవరు బొటనవేలితో నొక్కితే ఒక రకం, బొజ్జతో నొక్కితే ఇంకో రకం. మొదటిది అవసరాన్ని బట్టి మోగేది, రెండోది మలుపుల్ని బట్టి. కుడివైపు పెద్ద మలుపు వచ్చినప్పుడల్లా ఆయన స్టీరింగు మీదికి వంగేవాడు. బొజ్జ ఆయనకంటే ముందే వంగేది. ఎదురుగా పురుగైనా లేకపోయినా బస్సు 'బాఁ' మని అరిచేది. రోడ్డు పక్కన నడిచేవాళ్ళు ఉలిక్కిపడి గట్టెక్కేవాళ్ళు. ఆ లెక్కన చూస్తే ఆ రూటులో పాదచారుల భద్రతకు ఆయన చేసిన సేవ సామాన్యమైనది కాదు. డిపోలో ఆ సేవను ఎవరూ గుర్తించలేదు సరికదా, ఆయనకు 'హారన్' అని పేరు పెట్టి, ఆ పేరుతోనే పిలవడం మొదలుపెట్టారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

అలా ఎన్నేళ్ళు గడిచేదో గాని, ఆ రూటులో ఒక ఆసుపత్రి ఉంది. చప్పుడు చేయరాదని దాని ముందు బోర్డు ఉంది. సరిగ్గా ఆ బోర్డు దగ్గరే కుడివైపు మలుపు ఉంది. లోపల ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు ఒకాయన ఒకరోజు డిపోకు ఫోన్ చేసి, తాను కుట్లు వేస్తున్నప్పుడల్లా ఒకే బస్సు వచ్చి అరుస్తోందని, రేపు తన చెయ్యి అదిరి కుట్టు తప్పితే జవాబు ఎవరు చెబుతారని అడిగాడు.

డిపో మేనేజరు డ్రైవరును పిలిపించాడు.

"ఏమయ్యా, ఆసుపత్రి ముందు హారన్ ఎందుకు కొడుతున్నావు?"

"నేను కొట్టట్లేదు సార్."

"మరెవరు కొడుతున్నారు?"

డ్రైవరు తల వంచుకున్నాడు. వంచిన తలకు నేల కనబడలేదు, జవాబు మాత్రం కనబడింది.

డిపో డాక్టరు పరీక్ష చేయడానికి బస్సు దగ్గరికే వచ్చాడు. డ్రైవరును సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగుకూ బొజ్జకూ మధ్య తన అరచేతిని నిలువుగా దూర్చబోయాడు. గోళ్ళ దగ్గరే ఆగిపోయింది. సీటు వెనక్కి జరిపించి చూశాడు. అప్పుడు చెయ్యి హాయిగా పట్టింది గాని, డ్రైవరు కాలికి బ్రేకు అందలేదు. రెండింటిలో బ్రేకే ముఖ్యమని డాక్టరు తేల్చాడు.

"వానలు వెళ్ళేలోపు ఇక్కడ నా అరచెయ్యి పట్టాలి. అప్పటిదాకా నడుపుకోండి. అప్పటికీ పట్టకపోతే మాత్రం స్టీరింగు ఇవ్వమని నేను రాయలేను," అన్నాడు.

డాక్టరుగారి అరచెయ్యి కూడా సన్నదేమీ కాదు. కాని దాని గురించి నిబంధనల్లో ఏమీ లేదు.

స్టీరింగు పోతే ఏమవుతుందో డ్రైవరుకు ఒకరు చెప్పనక్కరలేదు. డిపో గేటు దగ్గర ఒక కుర్చీ ఉంది. అందులో కూర్చునే మనిషి ఒకప్పుడు పెద్ద డ్రైవరే. చూపు మందగించి అక్కడికి చేరాడు. బస్సు వస్తే కర్ర ఎత్తుతాడు, పోతే దించుతాడు. ఇన్నేళ్ళూ గేటు దాటేటప్పుడు మన డ్రైవరు స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తి ఆయన్ని పలకరించేవాడు, ముఖం చూడకుండానే. ఆ సాయంత్రం మొదటిసారి ముఖం చూశాడు. బస్సు లేపిన దుమ్ముకు కళ్ళు మూసుకుని, నోరు గట్టిగా బిగించి, చెయ్యి పైకెత్తి ఉంచాడు ఆ ముసలాయన. ఆ దుమ్ము తనదేనని డ్రైవరుకు అప్పుడు తెలిసింది. ఆ పూట అన్నం సహించలేదు. ఒళ్ళు తగ్గడానికి అదే తొలిమెట్టు అనుకుందామంటే, మర్నాడు పొద్దున్నే రెండు పూటలదీ కలిపి తిన్నాడు.

ఆయన భార్య ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. ఆమె ఉడకబెట్టిన కూరగాయలు పెట్టింది. అవి తిన్నాక ఆయన ఆకలితో డ్యూటీకి వెళ్ళి, ఆ ఆకలిని డిపో క్యాంటీన్‌లో తీర్చుకున్నాడు. పార్కులో పరుగు పెట్టి చూశాడు. అక్కడ పరుగెత్తేవాళ్ళందరూ ఎవరో తరుముతున్నట్టు ముఖాలు పెట్టుకుని ఉన్నారు. ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఆయన మోకాళ్ళు బెంచీని వెతుక్కున్నాయి, బెంచీ దొరికాక మళ్ళీ లేవలేదు.

ఆయన బస్సులో కండక్టరు ఒకావిడ. ఎప్పటినుంచో ఇద్దరిదీ ఒకటే డ్యూటీ. ఆయన్ని 'హారన్' అనకుండా 'అన్నా' అనేది డిపో మొత్తంలో ఆవిడొక్కతే.

"నీకు ఇష్టమైన పనేదో చెయ్యన్నా. ఏడుస్తూ పరిగెడితే కొవ్వు కూడా మొండికేస్తుంది," అంది.

"నాకు ఇష్టమైన పని బస్సు నడపడం."

"అదే పని బస్సు లేకుండా చెయ్యి."

ఆవిడ విసుగుతోనే అంది. ఆయన మాత్రం దాన్ని ఆజ్ఞలా తీసుకున్నాడు. మర్నాడు డ్యూటీ దిగాక, తన రూటులోనే, మొదటి స్టాపు నుంచి నడవడం మొదలుపెట్టాడు.

అద్దం వెనక నుంచి ఇన్నేళ్ళు చూసిన వీధి అసలు వీధి కాదని ఆ సాయంత్రం తెలిసింది. తాళాలు బాగుచేసే కొట్టు పైన ఒక కిటికీ ఉందని, అందులో ఎవరో వయొలిన్ తప్పుగా వాయిస్తారని, వంతెన మీద నిలబడితే చెప్పుల్లోంచి రైలు తెలుస్తుందని, రొట్టెల బట్టీ గోడ బయటినుంచి ముట్టుకున్నా వెచ్చగా ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చిన్న చినుకులు పడుతున్నాయి. గొడుగు తీయబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఈల వేశాడు. భార్య మిషను ఆపి చూసింది.

ఇదిలా సాగితే బాగుండేది. కాని ఆయన బస్సు డ్రైవరు. దారిలో స్టాపు వస్తే ఆయన కాళ్ళు ఆగేవి. స్టాపులో మనుషులు నిలబడి ఉండగా ఆగకుండా పోవడమన్నది ఆయన ఒంట్లో లేదు. ఆగితే టీకొట్టతను ఊరుకుంటాడా.

"డ్రైవరుగారూ! ఇన్నాళ్ళూ అద్దంలోంచి చెయ్యి ఊపి పోవడమే. ఇవాళ దొరికారు. రండి రండి, మీగడ వేసి ఇస్తాను."

"వద్దయ్యా, ఇప్పుడే..."

"మా అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు, ఆవిడ ఎక్కేదాకా బస్సు ఆపారు మీరు. వెనక కార్లవాళ్ళు తిడుతున్నా ఆపారు. నేను మర్చిపోతానా. పట్టండి."

పట్టుకున్నాడు. తరువాతి స్టాపులో బన్నుల ముసలమ్మ. ఆమె మాట్లాడేదే కాదు. వెన్న రాసిన బన్ను తెచ్చి చేతిలో పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడేది. ఆ తరువాత వేరుశెనగలు, ఆ పైన చెరకురసం. అప్పుడప్పుడు కండక్టరు కూడా వెంట వచ్చి, ఆయన తినడం కాగానే అలవాటుకొద్దీ "రైట్" అనేది. ఆయన కదిలేవాడు. కొన్నాళ్ళకు జనం చేరారు. ఒక స్టాపులో కలిసిన పెద్దమనిషి రెండు స్టాపులు వెంట నడిచి, "నేనిక్కడ దిగుతాను" అని చెప్పి వెళ్ళిపోయేవాడు. ఇంకొకావిడ ఎక్కేది. టిక్కెట్టు ఒక్కటే తక్కువ.

ఆయన ఎందుకు నడుస్తున్నాడో వాళ్ళెవరికీ తెలియదు. అడిగితే "సరదాగా" అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు, నిజం మాత్రం సగమే.

ఒక ఆదివారం భార్య పిలిచింది. ఆయన యూనిఫాం ప్యాంటు ఆమె ఒళ్ళో తిరగేసి ఉంది.

"నడుం దగ్గర పట్టేస్తోందన్నారుగా. కుట్టు విప్పాను."

"వదులు చేశావా?"

"వదలడానికి లోపల ఇంక గుడ్డ లేదు."

ఆయన కాసేపు ఆలోచించి, "ఉతికితే కుంచించుకుపోయిందేమో," అన్నాడు.

"దాంతోపాటు దుప్పటి కూడా ఉతికాను. అది బాగానే ఉంది." ఆమె దారం ముక్కలు ఏరుతూ అడిగింది. "రోజూ నడుస్తున్నారు. మధ్యమధ్య ఏం చేస్తున్నారు?"

ఆయన స్టాపుల వారీగా చెప్పాడు. ఆమె ఒక్కదానికీ అడ్డు రాలేదు. చెరకురసం దగ్గర మాత్రం కళ్ళు మూసుకుంది.

"నాకు అనుమానం వచ్చి చాలా రోజులైంది," అంది చివరికి. "అడుగుదామనుకున్నాను. కాని మీరు నవ్వుతూ ఇంటికొస్తున్నారు. అలా వచ్చి ఎన్నేళ్ళయింది. చూస్తూ చూస్తూ చెడగొట్టలేకపోయాను."

ఆయన ప్యాంటు వైపు చూశాడు.

"తినకూడదని వాళ్ళతో చెప్పొచ్చుగా," అందామె.

"ఏమని చెప్పను? బొజ్జ స్టీరింగుకు తగులుతోంది, గేటు దగ్గర కూర్చోబెడతారట, టీ పొయ్యొద్దు అనా?"

"అదే. అంతకంటే ఏముంది?"

"డిపోలో నేను హారన్‌ని. నువ్వు వినలేదు గాని, క్లీనర్లు కూడా అలాగే అంటారు. ఆ రోడ్డు మీద మాత్రం డ్రైవరుగారూ అంటారు. ఇది చెబితే అక్కడా అయిపోతుంది."

 తన దగ్గరున్న నల్లగుడ్డ ముక్క ఒకటి తీసి నడుం వెనక అతుకు వేసింది. చొక్కా కిందికి ఉంటే కనబడదు.

వానాకాలం సగం దాటింది. ఆయన కండక్టరుతో సంప్రదించి, తన నడకను నాన్‌స్టాప్ సర్వీసుగా మార్చాడు. మొదటిరోజు ఆవిడ కూడా వచ్చి, ఒక్క స్టాపులోనూ ఆగనివ్వకుండా మోచెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. టీకొట్టతను గ్లాసు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. డ్రైవరు చూడనట్టు సాగిపోయాడు. చెయ్యెత్తినా ఆపకుండా పోయే డ్రైవర్లంటే ఆయనకు పరమ అసహ్యం. ఆ రోజు వెనక్కి తిరిగి చూడలేదు గాని, ఆ గ్లాసులో టీ చల్లారడం వీపుకు తెలిసింది.

రెండోరోజు నుంచి రూటే మార్చాడు. వీధి వెనక మురుగుకాలువ పక్కగా ఒక సందు ఉంది. అందులో స్టాపుల్లేవు, మనుషుల్లేరు, వయొలిన్ లేదు. ముక్కు మూసుకుని, తల వంచుకుని, వానలో నడిచాడు. ఇంట్లో ఉడకబెట్టినవి మారు మాట్లాడకుండా తిన్నాడు. ఈల వేయలేదు. ముఖం పార్కులో పరుగెత్తేవాళ్ళ ముఖంలా తయారైంది. మొదట దవడలు దిగాయి, తరువాత మెడ. బొజ్జ మాత్రం పెద్దమనిషి కనుక అన్నిటికంటే ఆఖరున, తన మర్యాదకు లోటు రాకుండా, కొంచెం కొంచెంగా కదిలింది.

"తగ్గావన్నా," అంది కండక్టరు.

"నిజమా?"

"నిజమే. కాని ఇప్పుడు బస్సెక్కినవాళ్ళు నన్ను అడుగుతున్నారు, డ్రైవరుగారికి ఒంట్లో బాగాలేదా అని. టీకొట్టతనైతే, నావల్ల ఏమైనా తప్పు జరిగిందా అన్నాడు. ఏం చెప్పమంటావు?"

ఆయన బస్సు స్టార్టు చేశాడు.

వానలు వెళ్ళాయి. డాక్టరు వచ్చాడు. డ్రైవరు సీట్లో కూర్చుని, గుండెల నిండా గాలి పీల్చి, బొజ్జను వెన్నెముక దాకా లాగి పట్టాడు. డాక్టరు చెయ్యి గోళ్ళు దాటింది, వేళ్ళు దాటింది, అరచేతిలోకి వచ్చింది. డ్రైవరు ముఖం ఎర్రబడుతోంది. డాక్టరు తొందరపడకుండా అడిగాడు.

"ఊపిరి వదలకుండా డిపో నుంచి ఎంతదూరం నడపగలరు?"

డ్రైవరు ఊపిరి వదిలాడు. చెయ్యి ఇరుక్కుపోయింది. దాన్ని బయటికి తీయడానికి కొంత సమయం పట్టింది, ఆ సమయంలో ఇద్దరూ చెరోవైపు చూశారు.

"తగ్గారు. కాదనను," అన్నాడు డాక్టరు వేళ్ళు రుద్దుకుంటూ. "ఇంకొంచెం కావాలి. చలికాలం వెళ్ళాక మళ్ళీ చూస్తాను. అప్పటిదాకా స్టీరింగు వద్దు. కుర్చీలో కూర్చోబెడితే ఉన్న సందు కూడా పోతుంది కనక, గ్యారేజీలో నిలబడే పని ఇమ్మని రాస్తాను."

ఆయన డిపో నుంచి నడిచే బయల్దేరాడు. ఏ దారిన పోవాలో కాళ్ళకు చెప్పలేదు. అవి కాలువ సందు వైపు తిరగలేదు.

టీకొట్టతను ఆయన్ని చూసి పలకరించలేదు, చూపు తిప్పుకోనూ లేదు. అలవాటుకొద్దీ గ్లాసు తీసి కడిగాడు.

"వద్దయ్యా," అన్నాడు డ్రైవరు. "నన్ను బస్సు దించేశారు."

గ్లాసు కడగడం ఆగింది. "ఎందుకు?"

"బొజ్జ. స్టీరింగుకూ దీనికీ మధ్య చెయ్యి పట్టాలట. పట్టలేదు. దీన్ని తగ్గించడానికే నడిచింది నేను. నువ్విచ్చినవి తాగాను, వాళ్ళిచ్చినవి తిన్నాను, ఇంకా పెరిగింది. చెప్పుకోడానికి సిగ్గేసి మొహం చాటేశాను. నీ తప్పేం లేదు."

స్టాపులో నిలబడ్డవాళ్ళు వింటున్నారు. ఒకరిద్దరు ఆయన బొజ్జవైపు చూసి, చూసినందుకు ఇబ్బందిపడ్డారు.

టీకొట్టతను దగ్గరికి వచ్చాడు. "చెయ్యి ఎంతదాకా పట్టింది?" అన్నాడు.

డ్రైవరు తన అరచెయ్యి చాపి, మధ్యలో వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడిదాకా."

"మొదట్లో?"

"గోళ్ళ దగ్గరే ఆగిపోయింది."

టీకొట్టతను ఆ అరచేతిని వంగి పరీక్షగా చూశాడు. నవ్వలేదు, ఓదార్చనూ లేదు. గ్లాసు తీసి పక్కన పెట్టాడు. "రోజూ ఆగండి," అన్నాడు. "పొయ్యను. ఊరికే ఆగండి. ఆగకుండా పోతే మాత్రం బాగోదు."

చేతిలో గ్లాసు లేకుండా ఆ కొట్టు ముందు నిలబడడం డ్రైవరుకు అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపు వెనక కట్టుకున్నాడు, కాసేపు జేబుల్లో పెట్టాడు. బస్సు వచ్చింది. కొత్త డ్రైవరు స్టాపు దాటించి ఆపాడు, జనం పరిగెత్తారు. మెట్టు మీంచి కండక్టరు ఎక్కమన్నట్టు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

తరువాతి స్టాపులో బన్నుల ముసలమ్మ ఉంది. ఆమెకూ ఇదంతా చెప్పాలి. ఆమెకు చెవులు బాగా మందం, ఏ సంగతైనా వీధి చివరికి వినబడేలా చెబితే గాని అందదు. డ్రైవరు గొంతు సవరించుకుని నడక సాగించాడు.