ఇతరాలు లేని ఫైలు

ఫెబాకి అసహ్యం పుట్టించడం అంత తేలిక కాదు. పర్చూరులో పొగాకు ఆరబెట్టే బ్యారన్ కొట్ల పక్కన, ఆ ఘాటులోనే అన్నం తిని పెరిగిన మనిషి. కానీ గుంటూరులో తను పనిచేసే పుస్తకాల టైపింగ్ ఆఫీసులో, అందరికీ ఉమ్మడిగా ఉన్న ఎడిటర్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల ఫైలు తెరిస్తే మాత్రం ముక్కు మూసుకోవాలనిపించేది. వేల లైన్లు, లైనుకో ఆదేశం. ఎవడికేం కావాలన్నా అడుగున అతికించి పోవడమే. పైన వద్దన్నదే కింద కావాలని ఉంటుంది. ఎంగిలాకు తీయకుండా దాని మీదే మళ్ళీ వడ్డించినట్టు. ఛీ!

ఆ వారం ఆమె చేతిలో ఉన్నది నాన్న బాలస్వామి పుస్తకం. పత్తి తీస్తూ, మిరపకాయలు కోస్తూ ఆడవాళ్ళు పాడుకునే యేసు పాటల్ని ఆయన ఏళ్ళ తరబడి పోగుచేశాడు. సాయంత్రానికి ప్రెస్సుకి పోకపోతే చర్చిలో కోత పండుగకి అందదు. తీరా చూస్తే, సేవ్ చేసినప్పుడల్లా చరణాలన్నీ అతుక్కుపోయి వ్యాసంలా తయారవుతున్నాయి. ఆ పాడు పని చేయిస్తున్న లైను సెట్టింగుల ఫైల్లోనే ఎక్కడో ఉంది.

ఇన్‌ఛార్జి కార్తిక్‌కి చెప్తే తల కూడా ఎత్తలేదు. "పాటలేగా ఫెబా. మీవాళ్ళకి ఎలాగూ నోటికొచ్చు," అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. వెళ్ళి ఆ ఫైలు తెరిచి, పై నుంచి వెతకడం మొదలుపెట్టింది. మౌస్ తిప్పీ తిప్పీ వేలు నొప్పెట్టింది. వెతుకుదామంటే ప్రతి మాటా వంద చోట్ల తగులుతోంది. అప్పుడు సండే స్కూలు గుర్తొచ్చింది. టీచరమ్మ వచనం నంబరు చెప్పగానే, బైబిల్లో దాన్ని ముందు తీసినవాళ్ళకి బహుమతి. మిగతా పిల్లలు పేజీలు తిప్పుతుంటే, ఫెబా ముందు బైబిల్లోని ఆ పుస్తకం పట్టుకుని, తర్వాత అధ్యాయానికి వెళ్ళేది.

ఫైలంతా విడగొట్టి శీర్షికలు పెట్టింది. రంగులు, అక్షరాలు, మీటలు, సేవ్ చేసేటప్పుడు. దేనికీ చెందని చెత్తకి 'ఇతరాలు'. ఒక్క మీట నొక్కితే శీర్షికలే వరసగా కనబడతాయి. 'సేవ్ చేసేటప్పుడు' దగ్గరికి వెళ్తే దొంగ లైను అక్కడే పళ్ళికిలిస్తోంది. పీకి పారేసింది. చరణాలు మళ్ళీ విడదీసి సేవ్ చేస్తే, విడివిడిగానే నిలబడ్డాయి.

ప్రెస్సుకి పంపబోతూ చూస్తే, పాటలు మళ్ళీ ముద్దయిపోయాయి. మీట నొక్కింది. 'ఇతరాలు' కింద అదే లైను, పక్కనే కార్తిక్ పేరు. తన పనికి కావాలని, ఎక్కడ పెట్టాలో ఆలోచించే ఓపిక లేక అక్కడ పడేశాడు. ఆ మనిషి మొహం చూడబుద్ధి కాలేదు ఫెబాకి. లైనుతోపాటు 'ఇతరాలు' కూడా తీసేసి, చరణాలు సరిచేసి, పాటలు పంపించేసింది.

మర్నాడు కార్తిక్ వచ్చి, తన లైను ఏమైందని అడిగాడు.

"ఒక్క లైనేగా సార్," అంది ఫెబా. "నోటికి నేర్చుకోండి."