చిన్నన్న చెప్పిన ఒకే ఒక్క అబద్ధపు వార్త

నిన్న ఉదయం మేనల్లుడి ఫోన్. "అత్తా, నాయన పోయినాడు" అన్నాడు.

షాక్‌లో నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎవురు చెప్పినార్రా?"

"నేను పక్కనే ఉండా అత్తా" అన్నాడు వాడు.

ఏ వార్త విన్నా ముందు ఆ ప్రశ్న వేయడం మా చిన్నన్న కోటయ్య నేర్పిన అలవాటు. వాట్సాప్‌లో ఏది ఫార్వర్డ్ చేసినా ఆయన రిప్లై అదే. చివరికి ఆయన చావు వార్తకూ అదే అడిగాను.

నేను చెబుతుంటే మనవరాలు టైప్ చేస్తోంది. వెనకా ముందూ అయితే సర్దుకోండి.

అల్లూరు అవతల, సముద్రం ఒడ్డున మా పాలెం. ఆ రోజుల్లో ఊరంతటికీ ఒకటే రేడియో, పంచాయతీది. ఎనిమిదో క్లాసు చదివిన చిన్నన్న దానికి జీతం లేని ఆపరేటర్. సాయంత్రం వార్తలు అవగానే రేడియో కట్టేసి తన కామెంటరీ మొదలుపెట్టేవాడు. జనం దానికోసమే వచ్చేవాళ్ళు. ఏటి అవతలి పాలెం నుంచి కూడా వచ్చేవాళ్ళు.

రష్యావాళ్ళు కుక్కను పైకి పంపారని విన్న రోజు మొదలైంది ఈ పిచ్చి. "మనకు బస్సెయ్యమంటే రోడ్డు లేదంటారు. కుక్కకి ఆకాశంలో రోడ్డు దొరికినట్టుండాది."

చంద్రుడి మీద మనిషి దిగినప్పుడూ అంతే. "ఆడ తాగను నీళ్ళు లేవంట. మన పాలెంలో గూడా లేవు. ఇంతోటిదానికి అంత దూరం ఎందుకు పొయినారో."

వాతావరణ సూచనలంటే మరీ చెలరేగిపోయేవాడు. "వానొస్తాదన్నాడు, చేపలు ఎండేసుకోండి" అనేవాడు. అందరూ పడీ పడీ నవ్వేవాళ్ళు.

అరవైల్లో ఒక కార్తీక మాసం. తుఫాను వస్తోంది, వేటకు వెళ్ళవద్దు అంది రేడియో. సముద్రం చూస్తే చెరువులా ఉంది. అన్న నోరు తెరవకముందే జనం నవ్వడం మొదలుపెట్టారు.

"ఈసారి నిజమే. పోవద్దండి" అన్నాడు.

అదీ జోకే అనుకున్నారు. అవతలి పాలెం అన్నదమ్ములిద్దరు, "కోటన్న వద్దన్నాడంటే రేపు మంచి వేట పడతాది" అంటూ లేచి వెళ్ళారు. మా నాయన కూడా నవ్వుకుంటూనే వల సర్దుకున్నాడు.

అందరూ వెళ్ళాక అన్న నన్ను రేడియో గదిలోకి తీసుకెళ్ళి గోడ చూపించాడు. నిండా బొగ్గు గీతలు. రేడియో చెప్పింది జరిగితే నిలువు గీత, జరగకపోతే అడ్డగీత. నిలువు గీతలే ఎక్కువ.

"తప్పయిందాన్ని నోటితో చెప్పినా. రైటయిందాన్ని గోడ మీద గీసినా. గోడ ఎవురు చూస్తారు?" అన్నాడు.

మా పాలెంలో ఎవరు పోయినా, మట్టి చేసేదాకా ఒక్క తెప్ప కూడా నీళ్ళలోకి దిగదు. వేరే దారి కనిపించక అన్న మా అవ్వ ముందు కూర్చున్నాడు. నాయన తల్లి. డెబ్బై దాటినా చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని అల్లూరు దాకా నడిచే మనిషి. అంతా విని, "ఎప్పుడైనా పండుకోవాల్సిందే గదా" అంది.

తెల్లవారుజామున నాయన ఒడ్డుకు వెళ్ళగానే అవ్వ పడుకుంది. అన్న దుప్పటి కప్పి, "ఏడువు మే" అన్నాడు.

అమ్మ చిన్నప్పుడే పోయింది కాబట్టి ఆ ఇంట్లో ఏడవడానికి ఉన్న ఆడపిల్లను నేనే. పద్నాలుగేళ్ళు. బతికున్న అవ్వ మీద పడి ఏడవడానికి నోరు రాలేదు. తుఫానులో తెప్ప మీద నాయన కళ్ళ ముందు కనిపించాడు. అంతే, నిజంగానే వచ్చేసింది.

పాలెమంతా పరుగెత్తుకొచ్చింది. నాయన వచ్చి దుప్పటి లాగాడు. అవ్వ ఒక కన్ను తెరిచి, "నోరు మూసుకోని ఏడువు" అంది, ఆయనకూ నాకూ మాత్రమే వినిపించేలా.

నాయన అన్న వైపు చూశాడు. ఆయన ఒక్క మాట అంటే అంతా బయటపడేది. దుప్పటి మళ్ళీ కప్పి, తువ్వాలు నెత్తిన వేసుకుని కూలబడ్డాడు.

ఆ తర్వాతే అసలు నరకం. ఎండ కాసింది. ఆకు కదలలేదు. పెద్దలు "ఎత్తుదామా" అన్నారు. ముత్తుకూరు నుంచి అవ్వ కూతురు రావాలని అన్న ఆపాడు. అవ్వ కాలి మీద ఈగ వాలినప్పుడల్లా నా ప్రాణం పోయేది. స్నానానికి పసుపు నీళ్ళు కూడా కలిపేశారు.

అప్పుడు గాలి లేచింది. మొదట ఇంటి కప్పు మీది ఆకు ఎగిరింది, తర్వాత పందిరి. సముద్రం చప్పుడు మారిపోయింది. "ఇంక లేస్తాన్రా" అంటూ అవ్వ లేచి కూర్చుంది. జనం కేకలు పెట్టారు కానీ అన్నను కొట్టడానికి ఎవరికీ తీరిక లేదు.

ఇళ్ళు పోయాయి. మా పాలెంలో మనిషి పోలేదు.

ఏటి అవతల మా చావు మైల లేదు. ఆ అన్నదమ్ములిద్దరూ తెల్లవారకముందే వేటకు వెళ్ళారు. తిరిగి రాలేదు. ఏరు దాటి వెళ్ళి చెప్పాలని అన్నకు తోచలేదు. నాకూ తోచలేదు.

నీళ్ళు తీశాక అన్న ఆ అన్నదమ్ముల తల్లి దగ్గరికి వెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను. ఆమె తిట్టలేదు.

"మీ వాళ్ళ కోసం మీ అవ్వని చంపినావంట గదా నాయనా. ఈడికొచ్చి ఒక్క మాట చెప్పుంటే నేను పండుకోనుండనా?" అంది.

అన్న ఆ తర్వాత అన్ని వార్తల మీదా జోకులు వేశాడు. వాతావరణం వార్త మాత్రం రెండుసార్లు ఉన్నదున్నట్టు చెప్పి, తలవంచుకుని వెళ్ళిపోయేవాడు.

వెళ్ళిరా చిన్నన్నా. ఆ తల్లి అడిగిన మాట ఇప్పటికైనా నిన్ను వదిలి, నీ మనసు చల్లబడాలి.