హదస్సా మాటకు తర్జుమా

మా ఆయన ఏసురత్నం గారు రైల్వేలో క్లర్కుగా రిటైరయ్యారు. ఆ సంగతి ఆయనకే సరిగా గుర్తుండదు. మీరేం చేసేవారండీ అని ఎవరైనా అడిగితే, చర్చిలో తర్జుమా అంటారు. ఇంగ్లీషులో ప్రసంగించే పాస్టరు పక్కన అరడుగు వెనక నిలబడి, ఒక్కో వాక్యాన్నీ వెంటనే తెలుగులో చెప్పడం ఆయన పని. పాస్టరు చెయ్యెత్తితే ఈయనా ఎత్తుతారు. పాస్టరు "నేను పాపిని" అంటే "పాస్టరు గారు పాపినంటున్నారు" అనకూడదు, "నేను పాపిని" అనే చెప్పాలి. అలా ఎవరెవరి పాపాలో మైకులో ఒప్పుకుని ఇంటికొచ్చి, గీజరు ఆపడం మరిచింది తనేనని మాత్రం ఒప్పుకోరు.

అలాంటి మనిషికి మొన్న ఆగస్టులో యూత్ మీటింగులో తల కొట్టేసినట్టయింది. బెంగళూరు నుంచి వచ్చిన కుర్ర ప్రసంగీకుడు, పాటలు పాడిన అమ్మాయిల వైపు తిరిగి "యూ గర్ల్స్ స్లే" అన్నాడు. మా ఆయన తడుముకోకుండా "ఈ కన్యకలు వధించుదురు" అన్నారు. పిల్లలంతా పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

ఇంటికి రాగానే నిఘంటువు తీశారు. స్లే అని పలికే మాటలు రెండు దొరికాయి. ఒకటి చంపడం, ఇంకొకటి మంచు మీద జారే బండి. "అదరగొట్టారు" అని పిల్లలు నవ్వుతూ చెప్పిన అర్థం ఎక్కడా లేదు. ఆ పూట అన్నం కలిపి, తినకుండా కూర్చున్నారు.

"ఇక మైకు కుర్రాళ్ళకి ఇచ్చేస్తాను మార్తా" అన్నారు.

ఆయన మొహం అలా వాడిపోవడం నేను చూడలేకపోయాను. మెట్టుగూడలో మా ఇంటి పైవాటాలో ఉండే హదస్సాను, ఈ కాలం పిల్లల మాటలు నేర్పమని పిలుచుకొచ్చాను. ఆ పిల్ల డిగ్రీ రెండో ఏడు. తండ్రి లేడు, తల్లి మేబెల్ ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయా. చిన్నప్పటి నుంచీ మమ్మల్ని తాతా, అమ్మమ్మా అనే పిలుస్తుంది.

మర్నాటి నుంచి సాయంత్రాలు వరండాలో పాఠం. హదస్సా పంతులమ్మ, మా ఆయన శిష్యుడు. శిష్యుడి చాదస్తం ఏమిటంటే, అర్థం చెబితే చాలదు, వాక్యంలో వాడి చూపించాలి. ఘోస్ట్ అంటే దయ్యం కాదట, చెప్పాపెట్టకుండా మాయమైపోవడమట. వాక్యం అడిగితే "ఐ ఘోస్టెడ్ మై కాలేజ్" అంది హదస్సా. కుక్డ్ అంటే ఉడికినది కాదట, మన పని అయిపోయిందనట. "ఐ యామ్ సో కుక్డ్, తాతా" అంది. క్యాప్ అంటే టోపీ కాదట, అబద్ధమట. "ఎవ్రీ మార్నింగ్ ఐ క్యాప్ టు మై మమ్మీ" అంది.

నాకు వచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం. పాఠం బాగా సాగుతోందనుకుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటున్నాను. మా ఆయన కళ్ళజోడు తీసి ఆ పిల్ల మొహంలోకి చూశారు.

"ఈ వాక్యాలన్నీ ఒకే మనిషివిలా ఉన్నాయమ్మా" అన్నారు.

హదస్సా తల దించుకుంది. అలాగే అంతా చెప్పింది. సబ్జెక్టులు పోయాయి, రెండు నెలలుగా కాలేజీ మొహం చూడలేదు. పొద్దున్నే తల్లి కట్టిచ్చిన డబ్బాతో బయల్దేరి, ఎంఎంటీఎస్ రైలెక్కి లింగంపల్లి దాకా పోతుంది, తిరిగొస్తుంది, మళ్ళీ పోతుంది.

"మీ అమ్మకు చెప్పెయ్యి" అన్నాను.

"తెలుగుల చెప్పనీకి నోరొస్తలేదు అమ్మమ్మా. ఏడుపొస్తది. ఇంగ్లీష్‌ల అయితే చెప్తా. మమ్మీకేమో ఇంగ్లీష్ రాదు."

నాకు ఒళ్ళు మండింది. కన్నతల్లికి చెప్పడానికి భాష అడ్డమా అని అనబోయాను. మా ఆయన నన్ను వారించి లోపలికి వెళ్ళారు. చర్చికి వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కుని వచ్చి, "పదమ్మా, నేను తర్జుమా చేస్తాను" అన్నారు.

మేబెల్ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. హదస్సా ఆమె ఎదురుగా నిలబడింది. మా ఆయన హదస్సా పక్కన, అరడుగు వెనక నిలబడ్డారు. పిల్ల ఇంగ్లీషులో ఒక్కో వాక్యం చెప్పడం, ఆయన తెలుగులో అందుకోవడం.

"నేను కాలేజీకి పోవడం లేదు మమ్మీ" అన్నారు అరవై తొమ్మిదేళ్ళ మా ఆయన. "రోజూ నీతో అబద్ధం చెప్పాను. రైల్లో తిరిగి వస్తున్నాను. నీ రెక్కల కష్టం పాడుచేశాను. నీ మొహంలోకి చూడలేకపోతున్నాను."

పిల్ల గొంతు ఆగిన చోటల్లా ఆయన గొంతూ ఆగింది. వధించుదురు, కన్యకలు లాంటి మాట ఒక్కటి కూడా రాలేదు. ఇన్నేళ్ళుగా ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఇంత చక్కగా చెప్పగా ఎప్పుడూ వినలేదు. ఆయన భార్యనైనందుకు గర్వంగా అనిపించింది, ఏడుపూ వచ్చింది.

మేబెల్ కూతుర్ని చూడనే లేదు. అందరూ తర్జుమా చేసేవాణ్ణి చూసినట్టే మా ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. చివరికి మాట్లాడింది కూడా ఆయనతోనే.

"ఇన్ని దినాలు ఒక్కదానివే రైల్ల తిరిగినవా బిడ్డా? భయం కాలేదా? పరీక్షలు పోతె మళ్ళ రాస్తవు. నువ్వు నాకు గావాలె."

ఆయన అలవాటు కొద్దీ హదస్సా వైపు తిరిగి "మై చైల్డ్, వర్ యూ నాట్ అఫ్రెయిడ్?" అని మొదలుపెట్టారు. అంతలోనే ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"నాకు తెలుగొచ్చు తాతా" అంది హదస్సా. వెళ్ళి తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది.

"అయింది మమ్మీ" అంది. "మస్తు భయమైంది."