ఫ్యూజులో రాగి పోగు

పదకొండేళ్లుగా నా పనిముట్ల పెట్టెలో ఒక రాగి పోగు ఉంది. గోరంత పొడవు, ఒక చివర మాడి నల్లబడింది. తూకానికి కూడా రాదు. కానీ దసరాకు ఆయుధపూజనాడు ఆ పెట్టెకు బొట్టు పెట్టేటప్పుడు ఏటా నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఎందుకో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

విజయవాడ ఆటోనగర్‌లో నేను బండ్లకు కరెంటు పని చేస్తాను. ఎవరికీ అంతుపట్టని షార్టు సర్క్యూటు ఉంటే మా షెడ్ల వరసలోవాళ్లు ఆ బండిని నా దగ్గరికే పంపేవారు. ఆ పేరంటే నాకు గర్వం. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని నాకు అప్పటికింకా తెలియదు.

ఆ వ్యాను చల్లపల్లి నుంచి వచ్చింది. బాగా పాతది. లెక్కల టీచరుగా రిటైరైన ఒకావిడ, ఆవిడ భర్త దాన్ని కొని లోపల మంచం, గ్యాసు స్టవ్వు, ఫ్యాను, లైట్లు పెట్టించుకున్నారు. అందులోనే ఉంటూ ఊళ్లు తిరగాలన్నది ఆవిడ కోరిక. ఫ్యాను వేసుకుని గతుకుల్లో వెళ్తే ఫ్యూజు పోతోంది. నిలబెట్టి చూస్తే పోదు. అలాంటి షార్టు దొరకడం కష్టం.

మూడు రోజులు వెతికాను. కనిపించిన ప్రతి వైరూ టెస్టు ల్యాంపుతో చూశాను. మంచం మాత్రం విప్పలేదు. అది విప్పాలంటే వ్యాను సగం ఊడదీయాలి. నాలుగో రోజు పొద్దున వాళ్లు వస్తున్నారని ఫోను వచ్చింది. కాలిపోయిన ఫ్యూజు మీద ఒక రాగి పోగు చుట్టి బిగించేశాను. ఇక ఆ ఫ్యూజు పోదు. తప్పు జరిగినప్పుడు పోవడమే దాని పని, ఆ పని నేను చెయ్యనివ్వలేదు. దారిలో ఆగిపోయిన లారీకి షెడ్డు చేరేదాకా మేమందరం చేసే చిట్కానే ఇది. కాకపోతే డ్రైవరుకు చెప్పి చేస్తాం. ఆవిడకు మాత్రం షార్టు దొరికిందని చెప్పాను. ఎక్కడ దొరికిందని అడిగారు, టీచరు కదా. ఫ్యూజు హోల్డరు వదులైందన్నాను. అంత తేలిగ్గా ఆ అబద్ధం ఎలా వచ్చింది? దొరకలేదు అన్న ఒక్క మాట నోటికి అంత బరువైందా?

రెండు వారాలకు వాళ్లు మైలవరం దాటాక ఒక మామిడితోటలో బండి ఆపి, ఉప్మా చేసుకుని తిని, తోటలో నడవడానికి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి వ్యాను మండుతోంది. తోటవాళ్లు సిలిండరు లాగేసి నీళ్లు కొట్టారు. మనుషులకు ఏమీ కాలేదు.

పనికొచ్చేది ఏమైనా మిగిలిందేమో చూడమని ఆ వ్యానును లాగించుకుని నా దగ్గరికే తెచ్చారు. పరుపు లేదు, చెక్క లేదు. మంచం బిగించిన ఒక స్క్రూ కింది వైరులోకి దిగి ఉంది. గతుకులకు అక్కడ షార్టయినా ఫ్యూజు పోక, ఆ వైరు దారంతా కాగి పరుపుకు అంటుకుంది. మూడు రోజుల్లో నాకు దొరకనిది నిమిషంలో కనిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. చుట్టూ చూసి ఫ్యూజు మీది పోగు లాగి జేబులో వేసుకున్నాను. తర్వాత స్టవ్వు కూడా చూశాను.

ఆవిడ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

“స్టవ్వు కట్టేసినట్టే గుర్తు బాబూ. మా వారేమో కట్టలేదంటున్నారు. నీకేమన్నా తెలుస్తోందా?”

“గ్యాసు వల్లే అయ్యుంటదండీ.”

“అయితే నేనే” అన్నారావిడ.

పోయినేడు ఆవిడ భర్త స్కూటరు హారను బాగు చేయించుకోవడానికి వచ్చారు. ఆవిడ ఇప్పుడు వంటింట్లోకి ఒంటరిగా వెళ్లరట. తన జ్ఞాపకం మీద తనకే నమ్మకం పోయిందని ఇంటి దగ్గర పిల్లలకు లెక్కలు చెప్పడం కూడా ఏనాడో మానేశారట. ఇంకొకసారైతే ఊరే తగలబెడుతుందని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. మొదటి అబద్ధం పేరు కాపాడుకోవడానికి, రెండోది భయంతో ఆడాను అనుకుందాం, మరి ఆ నవ్వు ఎందుకు నవ్వినట్టు? సిగ్గుగా ఉంది.

క్షమించమని అడగను. అడిగే ముఖం లేదు. రాస్తుంటే గుండె కొంచెం తేలికవుతోంది, అది నాకు దక్కాల్సింది కాదని తెలుసు. ఆవిడకు దక్కాల్సింది మాత్రం ఇక్కడ రాసి పెడుతున్నాను. స్టవ్వు పిడి మంటకు కరిగిపోయింది గానీ లోపలి కడ్డీ మిగిలింది. అది మూసిన వైపే తిరిగి ఉంది.

టీచరుగారూ, మీరు స్టవ్వు కట్టేశారు. నేను చూశాను.